ఆ ఈక ఎవరి కంటి కోసం?

పర్లాకిమిడి

తమ్ముడూ,

నీ కథ అందింది. మొదటిసారి మూడో పేజీ దాకా చదివి కాగితాలు మంచం మీద పడేసి లేచి వెళ్లిపోయాను. "ఎర్రటి ఈకల బాణాన్ని చూసి జింక బెదిరింది" అని రాశావే, అక్కడ. రాత్రి భోజనాలయ్యాక మనసు ఒప్పక మళ్లీ తీశాను. కథ నడపడం నీకు చేతనవును. ఆ సంగతి అలా ఉంచు.

గుణుపురం కుర్రాడు అమెరికా వెళ్లి, విస్కాన్సిన్‌లో స్నేహితుడితో విల్లు పట్టుకుని జింకల వేటకు పోతాడు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో వేటాడొచ్చు. ఆ తేడా వాడి మనసులో మెదిలినట్టు రాశావు, సరే. కానీ కొట్లో బాణాలు కొనేటప్పుడు ఎర్ర ఈకలే ఏరుకుంటాడు. ఎందుకయ్యా అంటే "రక్తం రంగు కాబట్టి" అన్నావు. అది వాడి కారణం కాదు, నీ కారణం. కథలో నువ్వు చొరబడి వాడి చేత కొనిపించావు.

నలభై ఏళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఒక్కటే. కథలో రంగు రాస్తే అది ఎవరి కంటి కోసమో నీకు తెలిసుండాలి. తెలియకపోతే కొట్టెయ్.

జింక కంటికి ఎరుపు వేరుగా తెలియదు. మన కంట్లో రంగుని పట్టే కణాలు మూడు రకాలు, దానికి రెండే. ఎరుపూ నారింజా దానికి ఆకుల్లో కలిసిపోతాయి. నీలాన్ని మాత్రం బాగా పసిగడుతుంది. తుపాకీ సీజన్‌లో అక్కడి వేటగాళ్లు కళ్లు జిగేల్‌మనే నారింజ చొక్కాలు వేసుకుని తిరగగలిగేది అందుకే. తోటి వేటగాడికి మనిషని తెలుస్తుంది, జింకకి తెలియదు. మరి నీ జింక దేన్ని చూసి బెదిరింది? పోనీ, ఆరో పేజీలో బాణం "మసక చీకట్లో ఎర్రగా మెరుస్తూ" పోయిందన్నావు. పొద్దు వాలాక మన కళ్లకు అన్నిటికన్నా ముందు నల్లబడేది ఎరుపే. ఆ వేళప్పుడు వాడికి తన బాణం కనిపించనే కనిపించదు.

బాణం తోకకు కట్టే ఈకల రంగు, ఆ బాణం వదిలినవాడి కోసం. బాణం ఎటు పోయిందో, ఎక్కడ తగిలిందో కంటితో పట్టుకోవాలి. ఆకుల్లో పడ్డాక వెతుక్కోవాలి. మూడు ఈకల్లో ఒకటి వేరే రంగులో ఉంటుంది చూడు, అది అలంకారం కాదు. బాణం నారికి ఎటు తిప్పి పెట్టాలో చెబుతుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, దెబ్బ తగిలి అవతలికి దూసుకుపోయిన బాణాన్ని చదవాలి. తెల్ల ఈక మీద గులాబీ రంగు నెత్తురు, అందులో సన్నటి బుడగలు ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జంతువు దగ్గర్లోనే పడి ఉంటుంది. చిక్కగా, ముదురు ఎరుపులో ఉంటే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చటి పసరు అంటి కంపు కొడితే పొట్టకో పేగుకో తగిలిందన్నమాట. ఎనిమిది, పన్నెండు గంటలైనా కదలకుండా ఆగమంటారు. తొందరపడి వెంటబడితే అది గాయంతో ఎటో పోతుంది, ఎక్కడో చస్తుంది.

ఇప్పుడు నీ పదకొండో పేజీకి వస్తాను. "బాణం తీసి ఈకల్ని వాసన చూశాడు. అక్కడే కూర్చుండిపోయాడు." ఈ రెండు ముక్కలు రాసింది నువ్వేనా అని మళ్లీ మళ్లీ చదివాను. నా కళ్లు చెమర్చాయి. కానీ ఆ ఈకలు ఎర్రవని ముందే చెప్పేశావు! ఎర్ర ఈక మీద ఏ నెత్తురు కనిపిస్తుంది? వాడి చేతికి తెల్ల ఈకలు ఇవ్వు. తెలుపు జింకకీ కనిపిస్తుంది. అక్కడి జింక ప్రమాదం పసిగడితే తెల్లటి తోక ఎత్తి పరుగు తీస్తుంది, కాబట్టి అడవిలో కదిలే తెలుపుకి అది ఉలిక్కిపడుతుందేమోనని కొందరు వేటగాళ్లు తెల్ల ఈకలు వద్దంటారు. అయినా వాడు తెలుపే కొన్నాడనుకో, తర్వాత ఏం జరిగినా తప్పించుకోకుండా చూడ్డానికి సిద్ధపడ్డాడని కొట్లోనే మనకు తెలిసిపోతుంది. పచ్చటి మరక చూసి రాత్రంతా చలిలో ఆగాలి. నీ కథ ఆ రాత్రే. నువ్వు దాన్ని ఒక్క లైనులో దాటేశావు.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు గుమ్మ వైపు కొండ మీద ఒక సవర పెద్దాయన అరటిబోదెకు గురిపెట్టి బాణం వేయడం చూశాను. గురి తప్పి గడ్డిలో పడింది. ఇద్దరం మధ్యాహ్నం దాకా వెతికాం. దొరికాక తోకకు కట్టిన తెల్ల కోడి ఈకను చూపించి, ఇది లేకపోతే ఈ పూట కూడా పోయేది అన్నాడు. దాని మీద కథ రాసి బెజవాడలో ఒక పత్రికకు పంపాను. అచ్చయిన కాపీ నౌపడా నుంచి చిన్న రైల్లో వచ్చింది. ప్లాట్‌ఫారం మీదే విప్పి చూశాను. తెల్ల ఈకను ఎర్ర ఈక చేశారు! ఎడిటర్‌కి ఉత్తరం రాస్తే "ఎరుపులో ఆవేశం ఉంది" అని కార్డు ముక్క వచ్చింది. మా ఊరి మాటలు కూడా ఏడెనిమిది తీసేసి, ఇవి తెలుగు కావన్నారు. ఆ రైలు 2004లో ఆగిపోయి, కొన్నేళ్లకు బ్రాడ్‌గేజ్ అయి మళ్లీ వచ్చింది. ఆ కార్డు ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇప్పటికీ అడవి కథ అనగానే ఎర్ర సూర్యుడు, ఎర్ర మట్టి, ఎర్ర బాణం. చదివి చదివి విసుగొచ్చింది.

గిడుగు రామ్మూర్తి గారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవర మాటలు సవరల నోటినుంచే నేర్చుకుని నిఘంటువు చేశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిశాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన అడిగి రాశారు. నువ్వూ అడుగు. విస్కాన్సిన్‌లో మీ బావ ఉన్నాడన్నావుగా.

"పుంఖానుపుంఖాలుగా రాస్తున్నాను" అని గర్వంగా రాశావు. పుంఖం అంటే బాణం తోక, ఈకలు కట్టే చోటు. ముందు ఒక్కదాన్ని సరిగ్గా చూడు.

సాయంత్రం వంశధార ఒడ్డుకి వెళ్లు. మూడు రెల్లుపుల్లలకు ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ, పసుపు గుడ్డ కట్టి ఇసకలో పాతి, ముప్పై అడుగులు వెనక్కి వచ్చి కూర్చో. చీకటి పడేదాకా లేవకు. ఏది ఎప్పుడు పోయిందో టైముతో సహా నాకు రాయి. కథ నా దగ్గరే ఉంచుకుంటున్నాను, పదకొండో పేజీ ఒక్కటే తిప్పి పంపుతున్నాను. దాన్ని ముందు పెట్టుకుని మిగతాది మళ్లీ రాయి.

మీ అన్నయ్య