ఆ శాతం దేంట్లో శాతం?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. తెల్లకణాలు ఎక్కువున్నాయని ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పరీక్ష) చేయించమన్నారు. రిపోర్టులో ‘సీడీ19 పాజిటివ్ 82 శాతం’ అని ఉంది. అంటే రక్తంలో 82 శాతం పాడైపోయినట్టేనా? డాక్టరుగారిని కలవడానికి ఇంకా నాలుగు రోజులుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు: కాదండీ. ఆ 82కి పైనో పక్కనో చిన్న అక్షరాల్లో ‘లింఫోసైట్ గేట్’ లాంటి మాట ఉంటుంది, ముందు అది చూడండి. తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లను మాత్రమే విడిగా తీసుకుని (ఇలా గీత గీసి ఏరడాన్నే గేట్ అంటారు), వాటిలో వందకి 82 అన్నారన్నమాట. ఎర్రకణాలు ఈ లెక్కలోకే రావు. ఒక మైక్రోలీటరు రక్తంలో అవి దాదాపు 50 లక్షలుంటే తెల్లకణాలు కొన్ని వేలే, అందుకే ముందే ద్రావణం కలిపి ఎర్రకణాలను పగలగొట్టేస్తారు.

మిగిలిన కణాలు సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతాయి. తిన్నగా ముందుకు వెళ్లే వెలుగు కణం సైజు ఎంతో చెబుతుంది, పక్కకి చెదిరేది లోపల ఎన్ని రేణువులున్నాయో చెబుతుంది. ఇక సీడీ నంబర్లంటే కణం పైనుండే ప్రోటీన్ల పేర్లు. వాటికి అతుక్కునే యాంటీబాడీలకు రంగు తగిలించి కలుపుతారు, లేజర్ పడగానే ఆ రంగు వెలుగుతుంది. సీడీ3 వెలిగితే టి కణం, సీడీ19 వెలిగితే బి కణం. సీడీ19 ఉండటం రోగమేమీ కాదు, నాకూ ఉంది, మీకూ ఉంది.

అలాగని 82ని కొట్టిపారేయనూ లేం. మామూలుగా లింఫోసైట్లలో బి కణాలు 5 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. ఇప్పుడు రిపోర్టులో కప్పా, లాంబ్డా అన్న మాటలు వెతకండి, ఇవి బి కణం మీదుండే రెండు రకాల ప్రోటీన్లు. ఒక్కో బి కణం మీద ఈ రెండింటిలో ఏదో ఒకటే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెండు రకాలూ కలిసి, సుమారు ఇద్దరు కప్పాలకు ఒక లాంబ్డా చొప్పున కనిపిస్తాయి. దాదాపు అన్నీ ఒకే రకమైతే ఒకే కణం సంతానం పెరిగిపోయిందని అనుమానిస్తారు. వాటి మీదే సీడీ5, సీడీ23 కూడా ఉంటే ‘సీఎల్ఎల్’ అనే నిదానంగా సాగే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) గుర్తొస్తుంది. దానికి కూడా శాతం చాలదు, అలాంటి కణాలు మైక్రోలీటరుకు 5,000కు తగ్గకుండా, కనీసం మూడు నెలలుగా ఉండాలి. ఒకవేళ అదే అయినా, తొలిదశలో చాలామందికి మందులే మొదలుపెట్టరు, గమనిస్తూ ఉంటారు. పాత రక్తపరీక్షల కాగితాలన్నీ పట్టుకెళ్లండి, డాక్టరుగారికి అవే ఎక్కువ పనికొస్తాయి.

ప్రశ్న: ఫ్లో సైటోమెట్రీ ల్యాబ్‌లో కొత్తగా చేరాను. యాంటీబాడీకి తగిలించే రంగుల్లో ఎఫ్ఐటీసీ ఒక్కటే వేసిన ట్యూబులో పీఈ అనే ఇంకో రంగు కూడా వెలుగుతోంది. యాంటీబాడీ పాడైందంటారా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. ఎఫ్ఐటీసీ ఆకుపచ్చే గానీ దాని వెలుగు తోక పసుపు వైపు, అంటే పీఈ డిటెక్టర్లోకి కాస్త పాకుతుంది. ఒక్కో రంగూ విడిగా వేసిన ట్యూబులు నడిపి ఆ పాకినంత తీసేయాలి, దాన్నే కాంపెన్సేషన్ అంటారు. ప్లాట్ చూసి కంటి అంచనాతో నాబ్ తిప్పే అలవాటు మాత్రం చేసుకోకండి, మా తరం వాళ్లం చేసి తిట్లు తిన్నాం. చచ్చిన కణాలు ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటాయి, రెండు కణాలు అతుక్కుని వస్తే మెషిన్ ఒకటే అనుకుంటుంది. గేట్ గీసే ముందు ఈ రెండింటినీ ఏరేయండి. ఆ గీత తప్పితే కింద వచ్చే శాతాలన్నీ తప్పే.

ప్రశ్న: హెచ్ఐవీకి మందులు వాడుతున్నాను. సీడీ4 (సీడీ4 ప్రోటీన్ ఉన్న టి కణాల లెక్క) పోయినసారి 480, ఇప్పుడు 430. మందు పనిచేయడం లేదా?

జవాబు: ఈ ఒక్క తేడాతో అలా అనుకోకండి. సీడీ4 లెక్క పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది, జ్వరమొచ్చినా మారుతుంది. పక్కనే సీడీ4 శాతం కూడా ఇస్తారు చూడండి, అది అంతగా ఊగదు. రెండుసార్లూ శాతం దాదాపు అంతే ఉంటే అంత కంగారక్కర్లేదు. మందు పనితనం తేల్చేది వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష. మందు ఆపకుండా అది ఎప్పుడు చేయించాలో డాక్టరుగారిని అడగండి. వచ్చేసారి రక్తం ఇదే వేళకి, ఇదే ల్యాబ్‌లో ఇవ్వండి.