షెల్‌లో రాసిన కోడ్ ఫైలులోకి తెచ్చుకునేటప్పుడు

అమ్మలూ,

విజయనగరం నుంచి మామయ్య ఆశీస్సులు. పలాసలో మీ నాన్న అమ్మే జీడిపిక్కల లెక్క కోసం నువ్వు పైథాన్‌లో రాసింది చూశాను. లెక్క బాగానే ఉంది, టెన్షన్ పడకు. షెల్ అంటే ఒక్కో లైను కొట్టగానే పైథాన్ జవాబిచ్చే చోటు కదా, ఆ తెర మీద కనిపించినదంతా ఎత్తి ఫైలులో పెట్టేశావు, అందుకే సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరు తప్పు, అంటోంది. నువ్వు పంపినదాంట్లో ఒక ముక్క ఇది:

>>> బస్తా = 80
>>> బస్తా * 5
400

ఆ మూడు బాణాలు షెల్ పెట్టినవి. 400 షెల్ ఇచ్చిన జవాబు. మిగిలిందే నీ కోడ్. ఫంక్షన్, లూపు రాసినప్పుడు కింది లైన్ల ముందు వచ్చే మూడు చుక్కలూ నీవి కావు.

చేత్తో తీసేటట్టయితే, బాణాల తర్వాత ఉన్న ఒక ఖాళీని కూడా తీసెయ్యి. అది మిగిలిపోతే ఇండెంటేషన్ ఎర్రర్, అంటే లైను ముందు ఖాళీలు తప్పని, వస్తుంది. చుక్కల దగ్గరా అంతే, ఒక్క ఖాళీయే తియ్యాలి. ఆ తర్వాతి ఖాళీలు నీ కోడ్‌లో భాగం, వాటి జోలికి పోకు.

పెద్ద కోడ్‌కి ఇలా కూర్చోనక్కర్లేదు. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 షెల్‌లో ఎఫ్2 నొక్కితే, బాణాలూ జవాబులూ లేకుండా నువ్వు కొట్టిన లైన్లే కనిపిస్తాయి. అక్కడి నుంచి కాపీ చేసుకో. మీ కాలేజీ ల్యాబులో ఐపైథాన్ అనే ఇంకో రకం పైథాన్ షెల్ ఉంటే శాతం గుర్తు పెట్టి హిస్టరీ (%history) అని కొట్టు, అదీ అంతే. తప్పుగా కొట్టిన లైన్లు కూడా అందులో వస్తాయి, ఏరి పారెయ్యాలి.

ఇక్కడితో పని అయిపోయిందనుకోకు. షెల్ మూసేసి, ఆ ఫైలుని కొత్తగా నడిపి చూడు. షెల్ పొద్దుట్నుంచి నువ్వు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకుంటుంది, ఫైలుకి అందులో రాసిందే తెలుసు. ధర ఇచ్చిన లైను కాపీలో జారిపోతే నేమ్ ఎర్రర్, అంటే ఆ పేరు తనకి తెలీదని, వస్తుంది. అది రావడమే మంచిది, వెంటనే తెలిసిపోతుంది. నాకు భయం ఇంకో దాని గురించి. ధర ఒకసారి ఇచ్చి, తర్వాత మార్చి, మొదటి లైను మాత్రమే కాపీ చేశావనుకో. ఏ ఎర్రరూ రాదు, పాత ధరకే మొత్తం కట్టేస్తుంది. 80 కేజీల బస్తాకి పంట అమ్ముకునే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. అందుకే ఒక్క బస్తాకి కాగితం మీద లెక్క వేసి, ఫైలు చెప్పిన దానితో సరిచూడు.

ఇంకొకటి. షెల్‌లో బస్తా * 5 అని కొడితే జవాబు దానంతటదే వస్తుంది, ఫైలులో రాదు. అక్కడ ప్రింట్ రాయాలి.

సరిచేశాక నాకు పంపు. వాట్సాప్ మెసేజ్‌లో అతికించకు, స్టార్ గుర్తుల్ని కొన్నిసార్లు అక్షరాలు లావు చెయ్యమన్నట్టు తీసుకుని మింగేస్తుంది. ఫైలుగానే పంపు.

మీ మామయ్య