నిలబడి చూసుకున్న చీర, కూర్చుని చేసుకునే పెళ్లి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది కావలి. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు, బరువు 68 కిలోలు. మాఘమాసంలో పెళ్లి, ఇంకా ఏడు వారాలుంది. పెళ్లి చీర అబ్బాయివాళ్లు పెట్టడం మా ఆనవాయితీ. రెండిళ్లవాళ్లం టెంపో మాట్లాడుకుని కంచి వెళ్లాం. కాబోయే అత్తగారు పదంగుళాల అంచున్న కుంకుమరంగు పట్టుచీర తీశారు. కొట్లో నా మీద వేసి చూపించగానే మా పిన్ని, "నీకు చీరెందుకుమే, అంచు చాల్దా" అంది. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఒంటిపూటే తింటున్నాను. నాలుగు కిలోలు తగ్గాను, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఇంటర్ నుంచీ నేను గ్రూపు ఫొటోల్లో నిలబడను. ఈ చీరలో సన్నగా కనపడాలంటే ఏం చెయ్యాలి? మార్చమని అత్తగారిని అడగనా?

జవాబు: అమ్మాయీ, మార్చమని అడగొద్దు. కంచిలో కొన్న చీర, ఆవిడ మనసుపడి తీసిన చీర. దాంతో ఎలా నెగ్గుకురావాలో చెబుతాను. ముందు మీ పిన్ని మాటలో ఉన్న కాస్త నిజాన్ని పక్కకు తీద్దాం.

నీ ఎత్తుకి నడుం నుంచి పాదం దాకా ముప్ఫయ్యారు, ముప్ఫయ్యేడు అంగుళాలుంటుంది. అందులో పదంగుళాలు అంచే అంటే పావు భాగం దాటిపోయింది. ఆ అడ్డగీత పొట్టివాళ్లని ఇంకాస్త పొట్టిగా చూపిస్తుంది. పిన్నికి కనపడింది అదే. ఆవిడకు కనపడనిది ఇంకొకటుంది. చీర పన్నా, అంటే వెడల్పు, నలభయ్యైదు అంగుళాలు పైనే ఉంటుంది. నీ కొలతకు మించిన ఎనిమిది, తొమ్మిది అంగుళాల గట్టి పట్టు అంతా నడుం దగ్గర లోపలికి దోపాలి. నువ్వు లావని కొట్లో అద్దం చూపించింది సగం ఆ ఉండచుట్టిన గుడ్డనే. ఆరడుగుల అమ్మాయికి ఆ బాధ ఉండదు.

కాబట్టి దోపేటప్పుడు ఉండగా కుక్కకుండా, నడుం చుట్టూ సమానంగా పరిచి దోపమని చీర కట్టే ఆవిడకి చెప్పు. లోపలి లంగా నాడా దగ్గర కుచ్చులుండేది వద్దు, ఆరు ముక్కలతో కుట్టింది, పైన బల్లపరుపుగా ఉండేది కుట్టించు. బొడ్డు మీదికి కట్టు, కిందికి కాదు. కుచ్చిళ్లు ఎనిమిదీ తొమ్మిదీ సన్నగా పెడితే కంచిపట్టు గొడుగులా విచ్చుకుంటుంది. వెడల్పుగా ఐదో ఆరో చాలు. ముందురోజే కుచ్చిళ్లూ పైటా మడిచి, ఇస్త్రీ చేసి పెట్టే బాక్స్ ఫోల్డింగ్ చేసిచ్చేవాళ్లు ఇప్పుడు కావలిలోనూ, ఒంగోలులోనూ దొరుకుతున్నారు. ఆ డబ్బు దండగ కాదు. అంచు వెనక నెట్ కుట్టించుకో, లేకపోతే కాలి మెట్టెలకి జరీ పట్టుకుని లాగుతుంది. ఏడడుగులు వేసేటప్పుడు వంగి దాన్ని విడిపించుకోవడం చూశాను నేను, చూడముచ్చటగా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ పెళ్లిలో నువ్వు నిలబడేది ఎంతసేపు? జీలకర్రా బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, హోమం అన్నీ పీట మీదే. చెప్పులూ ఉండవు. అయినా మనవాళ్లు చీరను ఎత్తుమడమల చెప్పులేసుకుని, అద్దం ముందు నిలబడి, పొట్ట బిగబట్టి చూసుకుంటారు. తీరా మండపంలో చెప్పులు విప్పగానే రెండంగుళాల చీర నేల ఊడుస్తుంది. నువ్వు మాత్రం వట్టి కాళ్లతో కట్టించుకో. కట్టాక ఇంట్లో పీటేసుకుని అరగంట కూర్చుని, రెండుసార్లు ముందుకి వంగి లే. ఎక్కడ లాగుతుందో, ఎక్కడ గుచ్చుతుందో అప్పుడే తెలుస్తుంది. వడ్డాణం కూడా కూర్చున్నప్పటి నడుముకే సరిపోవాలి. షేప్‌వేర్ అని బిగుతు లంగాలు వస్తున్నాయి కదా, వాటిలో బాసింపట్టు వేయడం చచ్చేచావు. కావాలంటే రిసెప్షన్‌కి చూసుకో.

కూర్చున్నప్పుడు చీరకంటే బ్లౌజే కనపడుతుంది. నీ డబ్బూ ఓపికా అక్కడ పెట్టు. చీరలో రంగే బ్లౌజుకి కూడా ఉంటే పైనుంచి కిందికి ఒకే గీతగా సాగుతుంది. ఎదురు రంగు వేస్తే మనిషి నడుం దగ్గర రెండు ముక్కలవుతుంది. చెయ్యి మోచేతికి కాస్త పైన ఆగాలి, అదీ జబ్బ లావుగా ఉన్నచోట ఆగకూడదు. మగ్గం పనంతా చేతుల చివరే గుమ్మరించేస్తారు, అది చెయ్యికి కంకణం కట్టినట్టు అడ్డంగా కనపడుతుంది. నీకు మెడ దగ్గర పని పెట్టించుకో, చూపు మొహం మీదికి పోతుంది. వెనక మెడ మరీ లోతు వద్దు. అందం కోసం కాదు, అక్షింతలన్నీ అందులోనే పడతాయి, పెళ్లయ్యేదాకా గీరుకుంటూ కూర్చోవాలి. ప్రిన్సెస్ కట్ అడుగు, ముందువైపు పైనుంచి కిందికి నిలువు కుట్లు పడేది. పక్క కుట్ల లోపల అంగుళంన్నర గుడ్డ వదలమను.

కంచిచీర పెళ్లంతా ఉండాల్సిన పని లేకపోవచ్చు కూడా. చాలా ఇళ్లలో మధ్యలో మధుపర్కాలు కట్టుకుంటారు, అవి తేలికపాటి నూలుచీరలు. మీ పురోహితుణ్ణి ఎప్పుడు మారాలో అడుగు. ఆ చీర మీవాళ్లు కొనేదైతే చిన్నంచు ఉన్నదే తెమ్మను. ఇంకో చీర నీ ఇష్టానికి కొనుక్కునే వీలుంటే వెంకటగిరి పట్టు చూడు. 2022లో జిల్లాలు మారినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయిందిగానీ మనకి అది నెల్లూరు సరుకే. జాందానీ బుటాలతో, అంటే మగ్గం మీదే చేత్తో నేసిన పువ్వులతో, తేలిగ్గా ఉండి ఒంటికి అంటుకుని జారుతుంది, ఉబ్బదు. ఈసారి కొట్టుకి తొమ్మండుగురిని తీసుకుపోకు. నువ్వు, మాట తక్కువుండే మనిషి ఒకరు, చాలు. కొట్లో లైట్ల కింద నచ్చిన రంగును గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో చూడు. "లావువాళ్లు ముదురు రంగే కట్టాలి" అనే మాట నేను పెద్దగా నమ్మను. మెరుపు మరీ ఎక్కువున్న టిష్యూ చీర, అంటే ఒళ్లంతా జరీ కలిపి నేసింది మాత్రం ఫ్లాష్ పడితే ఉన్నదానికి రెండింతలు చూపిస్తుంది.

నీ ఉత్తరమంతా చీర గురించి, మధ్యలో ఒక్క వాక్యం ఫొటోల గురించి. ఇంటర్ నుంచీ అంటే దాదాపు పదేళ్లు. పిన్ని ఆ మాట అనకముందే ఎవరో ఏదో అన్నారన్నమాట. వాళ్ల మాటని బ్లౌజు కుట్టి దాచలేం. నువ్వు నమ్మే మనిషితో, కాబోయే ఆయనతో అయినా సరే, "నాకు ఫొటోలంటే భయం" అని ఒకసారి చెప్పు. ఆయన "నాకు నువ్వెలా ఉన్నా పర్లేదు" అని తేల్చేస్తే ఊరుకోకు, "పర్లేదు కాదు, వినండి" అను. ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పు, పీట మీదున్నప్పుడు కెమెరా నీ కళ్ల ఎత్తులో పెట్టి తియ్యమను. పిన్ని మళ్లీ అంటే, "ఔను పిన్నీ, అంచే చాల్తే చీర నీకిస్తాలే" అని నవ్వేసి ఊరుకో. పెళ్లింట్లో గొడవ వద్దు, అలాగని తల దించుకోనూ వద్దు.

ఒంటిపూట తిండి ఈ రోజే ఆపు. కళ్లు తిరుగుతున్నాయంటే ముందు డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించుకో, చీర సంగతి ఆ తర్వాతే. పైగా పస్తులుండి తగ్గిన ఒంటికి కుట్టించిన బ్లౌజు, పెళ్లికి ముందు వారం చుట్టాలు పెట్టే సున్నుండలకీ అరిసెలకీ బిగుసుకుపోతుంది. కొలతలు మరో మూడు వారాలాగి ఇవ్వు, పెళ్లికి పదిరోజుల ముందు ఒకసారి వేసి చూసుకో. కొలతలకి వెళ్లేరోజు పొద్దున రెండు ఇడ్లీ ఎక్కువే తిని వెళ్లు. ఖాళీ కడుపుతో ఇచ్చిన కొలతలకి పెళ్లిరోజు హుక్కులు పడవు.