పాత కారు: రిపేరు చేయించాలా, అమ్మేయాలా?

కారు పదేళ్లు దాటింది, మెకానిక్ బిల్లు ఏటా పెరుగుతోంది, ఉంచుకోవడం లాభమేనా అని అడిగారు. చాలాసార్లు లాభమే. కొత్త కారులో కంటికి కనిపించని పెద్ద ఖర్చు తరుగుదల, అంటే ఏటేటా కారు విలువ పడిపోవడం. మీ కారు దాన్ని ఇప్పటికే చాలావరకు దాటేసింది. ఒక్క బిల్లు చూసి బెంబేలెత్తకుండా, ఏడాది మొత్తం రిపేర్లను కొత్త కారుకు కట్టాల్సిన వాయిదాలతో పోల్చండి. ఛాసిస్ (కారును మోసే అడుగు చట్రం) తుప్పు పట్టిపోతే మాత్రం వదిలించుకోండి.

పొదుపు చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే మాన్యువల్‌లో చెప్పిన గడువుకే ఆ బెల్టును మార్చండి. బండి నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. బెల్టుతో పోయేది ఇంజిన్ దాకా వస్తుంది. బ్రేకులదీ అదే కథ: కీచుమన్నప్పుడే చూపిస్తే ప్యాడ్లతో సరిపోతుంది, గరగరలాడేదాకా ఆగితే డిస్కులూ పోతాయి.

ఎయిర్ ఫిల్టరు, వైపర్లు మీరే మార్చుకోవచ్చు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే చవకైన ఓబీడీ రీడరుతో (కారు కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరం) లోపం కోడ్ చదవండి. అయితే కోడ్ చెప్పేది లక్షణాన్ని, పాడైన పార్టును కాదు. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ను కొలిచేది) కోడ్ రాగానే సెన్సర్ మార్చేసి, తీరా అసలు సమస్య ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) లీకని తేలాక నాలుక కరుచుకున్నవాణ్ణి నేను!

అద్దాలు, డోర్ హ్యాండిళ్లు లాంటివి సెకండ్ హ్యాండ్‌వి కొనొచ్చు. బ్రేకు పార్టులు, టైర్లు మాత్రం కొత్తవే.