నిచ్చెన తీసేసిన డాక్టరు

ప్రశ్న: లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. వచ్చే వారం ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ అనే ఇటాలియన్ ఒపేరాకి (పాటలతో సాగే నాటకం) టికెట్లు కొంది. నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. అంతసేపు ఊరికే కూర్చోవాలేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం తెలుసుకుని వెళ్లాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండి. మా అమ్మాయి కాన్పుకి వెళ్లినప్పుడు నేనూ మొదటిసారి చూసింది ఈ ఒపేరానే. ముప్ఫై ఏళ్లు పిల్లలకి సంగీతం చెప్పాను గానీ, ఆ భాష నాకూ రాదు. స్టేజీ పైన ఇంగ్లిష్‌లో మాటలు వేస్తారు. అయినా కథ తెలిసి వెళ్తే కళ్లు పాత్రల మీదే ఉంటాయి.

స్పెయిన్‌లో సెవిల్ నగరం. డాక్టర్ బార్తోలో సంరక్షణలో పెరుగుతున్న పిల్ల రోసీనా. ఆమె కట్నం మీద కన్నేసిన ఆ ముసలాయన తనే పెళ్లాడాలని ఆమెని గడప దాటనివ్వడు. అల్మావీవా అనే జమీందారు ఆమెని ప్రేమించి, లిందోరో అనే పేదవాడిగా పరిచయమవుతాడు. అతనికి తోడు మంగలి ఫిగారో.

బార్తోలోని బాగా గమనించండి. తెలివితక్కువవాడేమీ కాదు. బల్ల మీద కాగితాలు లెక్కపెడతాడు: ఆరుండాలి, ఐదే ఉన్నాయి. రోసీనా వేలికి సిరా! కాలితే మందుగా రాశానంటుంది. కాగితంలో మిఠాయి చుట్టి పంపానంటుంది. నిజానికి ఆమె రాసింది ప్రేమలేఖ. ‘రెండు ముక్కలు రాసివ్వండి’ అని ఫిగారో అడిగేసరికే చీటీ సిద్ధంగా ఉంది! ఒకరు నేర్పితే నేర్చుకునే పిల్ల కాదు. అందుకే ఆమె అంటే నాకంత ఇష్టం.

సంగీతంలో ఒక్క పాటకి చెవి ఒగ్గండి. పుకారు ఎలా పాకుతుందో బసీలియో అనే సంగీతం మాస్టారు పాడతాడు. చిరుగాలిలా మొదలై, వాయిద్యాలు ఒక్కొక్కటే చేరుతూ చివరికి ఫిరంగిలా పేలుతుంది. దీనికి భాషతో పనేముందండీ!

చివర్లో ప్రేమికులు పారిపోకుండా బార్తోలో బాల్కనీ నిచ్చెన తీసేసి, సిపాయిల కోసం పరుగెడతాడు. దిగే దారి లేక ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోతారు. ఇంతలో, తన పెళ్లి ఒప్పందం రాయడానికని బార్తోలో పిలిపించుకున్న నోటరీ రానే వస్తాడు. అతని ముందే వాళ్ల పెళ్లి అయిపోతుంది! నిచ్చెన ఉంటే దిగి వెళ్లిపోయేవాళ్లు.

1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో మొదటిసారి ఆడినప్పుడు దీని పేరు ‘అల్మావీవా, లేదా వృథా జాగ్రత్త’. ఇదే కథతో పైసియెల్లో అనే సంగీతకర్త 1782లో కట్టిన ఒపేరా అప్పటికే ప్రసిద్ధం కాబట్టి, దీనికి సంగీతం కట్టిన రొస్సీని పేరు మార్చాడు. ఇరవై నాలుగు నిండని కుర్రాడు, మూడు వారాల్లోపే రాశాడు. తొలి రాత్రి జనం గోల చేశారు, రెండో రాత్రి నెత్తిన పెట్టుకున్నారు.

కాస్త ముందే వెళ్లి కూర్చోండి. తెర లేవకముందు వాయించే సంగీతం తప్పిపోకూడదు.