ఈఈజీలో తలకు కరెంటు పెట్టరు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు, పది సెకన్లు అలా శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టే మళ్లీ ఆటలో పడతాడు. క్లాసులో పరధ్యానమని టీచరు కంప్లయింట్. డాక్టరుగారు ఈఈజీ రాశారు. తలకి కరెంటు పెడతారని మా అత్తగారు వద్దంటున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: తప్పకుండా చేయించండమ్మా. మీ అత్తగారు షాక్ ట్రీట్‌మెంట్ గురించి విని భయపడుతున్నట్టున్నారు, అది వేరు. మెదడులో పుట్టే విద్యుత్తు తలపైకి వచ్చేసరికి మైక్రోవోల్టుల్లోనే, అంటే వోల్టులో పదిలక్షల వంతుల్లోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని, పెంచి, గీతలుగా చూపించడమే ఈఈజీ యంత్రం పని. లోపలికి పంపేదేమీ లేదు. 1924లో జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మొదటిసారి మనిషి మెదడు నుంచి ఇలాంటి గీతలు రాబట్టాడు. పాపం, 1929లో గానీ ప్రచురించలేదు, ప్రచురించాక కూడా చాలామంది నమ్మలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆబ్సెన్స్ ఫిట్స్ (కొన్ని సెకన్లు ధ్యాస పూర్తిగా తప్పిపోయే మూర్ఛ) ఏమోనని డాక్టరుగారి అనుమానం అయ్యుండాలి. వీటిలో పిల్లలు కిందపడరు, నురగ రాదు, అందుకే ఎన్నాళ్లయినా పరధ్యానం కిందే లెక్క. పరీక్షలో టెక్నీషియన్ బాబుని మూడు నిమిషాలు గట్టిగా గాలి పీల్చి వదలమంటారు, చిన్నపిల్లలైతే కాగితం గాలిమర ఇచ్చి ఊదమంటారు. ఈ జబ్బు ఉండి ఇంకా మందు మొదలుపెట్టని పిల్లల్లో చాలామందికి అక్కడే వచ్చేస్తుంది: ఊదుతున్నవాడు ఆపేసి చూస్తూ ఉండిపోతాడు, అదే క్షణాన స్క్రీన్ మీద గీతలన్నీ ఒక్కసారిగా లేచి, ఒక మొన, వెనకే ఒక అల, సెకనుకి సుమారు మూడు చొప్పున పరుగెడతాయి. అది కనబడితే ఇక టీచరుతో వాదించే పనుండదు!

ముందురోజు షాంపూతో తలంటండి, నూనె మాత్రం వద్దు, ఎలక్ట్రోడ్లు, అంటే తలకి పేస్టుతో అంటించే తీగల బిళ్లలు, సరిగా అంటుకోవు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమంటే అలాగే చేయండి. జుట్టుకి అంటిన పేస్టు ఇంటికొచ్చాక కడిగితే పోతుంది.

రిపోర్టు నార్మల్ అని వస్తే ఫిట్స్ లేవని మీరే తేల్చేసుకోకండి. ఆ అరగంటలో మెదడు మామూలుగా ఉందని మాత్రమే దానర్థం, మళ్లీ నిద్రలో తీయాల్సి రావచ్చు. ఈలోగా బాబు అలా ఆగిపోయినప్పుడు ఫోన్లో వీడియో తీసి డాక్టరుగారికి చూపించండి, టీచరుకి కూడా.