ఆగిపోయిన జెట్‌స్కీని లాగేటప్పుడు

ప్రశ్న: భవానీ ద్వీపం దగ్గర మా జెట్‌స్కీ నడినీట్లో ఆగిపోయింది. ఇంకో జెట్‌స్కీతో పున్నమి ఘాట్‌కు వేగంగా లాక్కొచ్చాం. తీరా చూస్తే ఇంజన్‌లో నీళ్లు! ఎందుకని?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ వేగమే కొంప ముంచింది. చాలా జెట్‌స్కీల్లో కూలింగ్ నీళ్లకు వేరే పంపు ఉండదు, బండిని తోసే జెట్ పంపు తానే ఆ నీళ్లను ఇంజన్ కూలింగ్ గొట్టంలోకి ఎక్కిస్తుంది. ఇంజన్ తిరుగుతుంటే పొగ ఒత్తిడికి ఆ నీళ్లు బయటికి పోతాయి. ఆగిన బండిని జోరుగా లాగితే నీళ్లు ఎక్కడం ఎక్కుతాయి గానీ బయటికి తోసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి, సిలిండర్లలోకి దిగుతాయి.

అందుకే గంటకు 8 కిలోమీటర్లు దాటొద్దు. లాగేముందు సీటు తీసి కూలింగ్ గొట్టాన్ని క్లిప్పుతో నొక్కేయండి. ఏ గొట్టమన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్లో చూసుకోండి. ఒడ్డుకొచ్చాక క్లిప్పు తీయడం మరిచి స్టార్ట్ చేస్తే ఈసారి వేడికి పోతుంది. క్లిప్పు పెట్టగానే హ్యాండిల్‌కు ఒక గుడ్డపీలిక కట్టుకుంటే గుర్తుంటుంది.

లాగే తాడును బండి ముందు మూతి కింద ఉండే రింగుకే కట్టాలి, హ్యాండిల్‌కు కాదు. పొడవు రెండు బళ్ల మొత్తం పొడవుకు మూడు రెట్లు, అంటే దాదాపు 20 మీటర్లు. జెట్‌స్కీ బ్రేకు వేసినట్టు ఆగదు కాబట్టి తాడు పొట్టిదైతే వెనకది వచ్చి గుద్దుతుంది. నీటిపై తేలే పాలీప్రొపిలీన్ తాడే మేలు, నైలాన్ మునిగి పంపులో చుట్టుకుంటుంది. చుట్టుకుంటే ముందు ఇంజన్ ఆపి, సేఫ్టీ తాడు (నడిపేవారు ఒంటికి తగిలించుకునేది, లాగేస్తే ఇంజన్ స్టార్ట్ కాదు) లాగేశాకే చెయ్యి పెట్టండి.

ఇక మీ బండికి స్టార్టర్ నొక్కకండి! సిలిండర్లోని నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్‌ను కదిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ రోజే మెకానిక్‌తో ప్లగ్గులు విప్పించి, నీళ్లు చిమ్మించి, సిలిండర్లలో ఆయిల్ స్ప్రే చేయించండి. ఆలస్యమైతే తుప్పు పడుతుంది. ఇంజనాయిల్ పాలలా తెల్లబడితే అదీ మార్పించాలి.

గుర్రపుడెక్క ఉన్న చోటికి పోకండి, పంపు నోరు మూసుకుపోవడానికి అదొక పెద్ద కారణం. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తిన రోజుల్లో అసలు నదిలోకే దిగొద్దు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ఆ గేట్లనే ఢీకొట్టాయి. ఆగిపోయిన జెట్‌స్కీ అయినా అటే పోతుంది.

ప్రశ్న: మనుషులు కూర్చునే గాలి ట్యూబ్‌ను లాగడానికి రెండు సీట్ల జెట్‌స్కీ చాలదా?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. నడిపేవారు, వెనక్కి తిరిగి ట్యూబ్‌నే చూస్తుండే మనిషి, నీళ్లలో పడ్డవారికి ఒక ఖాళీ సీటు: మూడూ కావాలి. తాడు 50 నుంచి 65 అడుగులు ఉండాలి. మలుపులో ట్యూబ్ బయటికి విసిరేసినట్టు పోతుంది, ఒడ్డుకూ పడవలకూ అంతకంటే ఎక్కువ దూరం ఉంచండి. గ్యాస్ (వేగం పెంచే మీట) వదిలేస్తే పాత మోడళ్లలో స్టీరింగ్ పనిచేయదు. పడ్డవారిని ఎక్కించేటప్పుడు ఇంజన్ పూర్తిగా ఆపాలి, లేదంటే జుట్టు, జాకెట్ పట్టీలు పంపు నోట్లోకి లాక్కుపోతాయి.